నలభై ఒక్క కిలోల అధ్యక్షుడు

ఆ బడిలో పొద్దున ఎనిమిదింపావుకి గేటు తెరిచేదీ, ఎనిమిదిన్నరకి గంట కొట్టేదీ, ఆ తర్వాత స్టాఫ్‌రూమ్‌లో ఒక్కో టీచరు చేతిలో మూడేసి చాక్‌పీసులు పెట్టేదీ అటెండరే. టీచర్లకి ఆయన బాబాయ్, పిల్లలకి తాత. ఇంకో రెండు నెలల్లో రిటైరవుతాడు. మనిషి సన్నగా ఉంటాడు, గొంతు ఇంకా సన్నం. లెక్కల టీచరుకి మాత్రం నాలుగో చాక్‌పీసు ఇస్తాడు, "మీరు బోర్డు మీద ఎక్కువ రాస్తారు కదమ్మా" అని.

లెక్కల టీచరు ఉద్యోగంలో చేరి ఐదు నెలలైంది. ప్రొబేషన్ ఏడాది. అంటే ఇంకా ఏడు నెలలు నోరు అదుపులో పెట్టుకోవాలి. అది ఆమెకి చేతకాని పనుల్లో మొదటిది. రెండోది, కంటబడినదాన్ని లెక్కపెట్టకుండా వదిలేయడం. కింది అంతస్తు నుంచి పై అంతస్తుకి ఇరవై రెండు మెట్లు. హాల్లో బల్బులు పద్నాలుగు, వెలిగేవి తొమ్మిది. ఇవన్నీ ఆమెకి కళ్లు మూసుకున్నా తెలుసు.

ఒక సోమవారం డిపార్ట్‌మెంట్ నుంచి ఒక అట్టపెట్టె వచ్చింది. మాజీ అధ్యక్షుడు పుట్టి వందేళ్లయిందట. ఆయన పన్నెండేళ్ల పాలన గురించి, ఆయన మనకు వదిలివెళ్లిన దాని గురించి పన్నెండు రోజులు పిల్లలకి పాఠాలు చెప్పాలి. పెట్టెలో గోడకి తగిలించే చార్టు ఒకటి, బొమ్మల కార్డులు నలభై, టీచరు చదవాల్సిన గైడు, పింగాణీతో చేసిన ఆయన తల, భుజాల బొమ్మ. పాఠం చెప్తున్నంతసేపూ బొమ్మ టేబుల్ మీద ఉండాలని సర్క్యులర్‌లో రాశారు. సోషల్ టీచరు పోస్టు రెండేళ్లుగా ఖాళీ.

"లెక్కలు చెప్పేవాళ్లకి ఇదెంతమ్మా" అన్నాడు హెడ్‌మాస్టర్. "పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదవడమేగా. మీ సొంత తెలివి ఒక్క చుక్క కూడా కలపకండి."

హెడ్‌మాస్టర్ చెడ్డవాడు కాదు, భయస్తుడు. పైఅధికారి దగ్గినా మినిట్స్ పుస్తకంలో 'దగ్గిరి' అని రాసుకునేంత భయం.

ఆరు సెక్షన్లు, ఆరు పీరియడ్లు, బొమ్మ ఒక్కటే. పైగా ఒక సెక్షన్ కింద, తర్వాతది పైన, దాని తర్వాతది మళ్లీ కింద. టైంటేబుల్ వేసినవాళ్లు మోసేవాళ్లు కాదు కదా. గంట గంటకీ ఆ ఇరవై రెండు మెట్లూ బొమ్మని మోసే పని బాబాయ్ మీద పడింది.

మొదటి రోజు ఆయన దాన్ని ఒంటిచేత్తో తెచ్చాడు. రెండో రోజు రెండు చేతులూ పట్టాడు. మూడో రోజు మెట్ల మధ్యలో ఆగి, బొమ్మని మోకాలి మీద ఆనించుకుని ఊపిరి తీసుకున్నాడు. నాలుగో రోజు ఆఖరి పీరియడ్‌కి బొమ్మని టేబుల్ మీద పెట్టేసరికి టేబుల్ కిర్రుమంది, ఆయన నడుము కూడా అలాంటి చప్పుడే చేసింది.

"బరువెక్కిందా బాబాయ్?"

"ఎక్కుతుంది కదమ్మా, పాఠాలు జరుగుతున్నాయిగా" అన్నాడు ఆయన, వానొస్తే గొడుగు తడుస్తుందన్నంత మామూలుగా.

హెడ్‌మాస్టర్ కూడా అంతే. "ఇద్దరు పట్టుకోండి. నా చిన్నప్పుడు మా బడిలో ఇంతకు ముందాయన బొమ్మ ఉండేది. ఆఖరికి దాన్ని కదపలేక చుట్టూ గది కట్టారు."

ఎవరికీ వింతగా లేదు కాబట్టి ఆమెకీ వింతగా లేదు. కానీ ఎంత ఎక్కింది అన్నది తెలియకపోతే ఆమెకి అన్నం సహించదు. సాయంత్రం సైన్స్ ల్యాబ్ నుంచి కాటా తెప్పించి తూచింది. పన్నెండు కిలోల రెండు వందల గ్రాములు. అట్టపెట్టె మీద అచ్చేసిన బరువు రెండు కిలోల మూడు వందలు. తొమ్మిది కిలోల తొమ్మిది వందల గ్రాములు ఎక్కడినుంచి వచ్చినట్టు?

మర్నాడు పాఠం మొదలుపెట్టేముందే తొమ్మిదో తరగతిలో బొమ్మని కాటా మీద పెట్టించింది. నాలుగు రోజుల పాఠాలూ మొదటి నుంచి, ఒక్కో వాక్యం చదివి ఆగింది. ముందు బెంచీలో కూర్చునే సందేహాల పిల్ల ముల్లు చూసి చెప్పింది, మిగతావాళ్లు నోట్సులో రాసుకున్నారు. ఆ పిల్లకి సొంత పేరొకటి ఉంది గానీ, హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరూ వాడరు.

"ఆయన కొండప్రాంతాల్లో ముప్పై ఆరు ఆసుపత్రులు కట్టించారు."

"కదల్లేదు మేడమ్."

"మశూచికి ఇంటింటికీ టీకాలు వేయించారు."

"కదల్లేదు."

"చిన్నతనం నుంచీ అబద్ధం ఎరగరు."

"నూట యాభై గ్రాములు ఎక్కింది."

"కార్మికులు ఆయన పాలనలో ఆకలన్న మాటే మరిచిపోయారు."

"ఐదు వందలు మేడమ్."

"ఉపాధ్యాయులంటే ఆయనకి ప్రాణం."

ముల్లు ఒక్క ఊపున ఏడు వందల గ్రాములు దాటింది. అటెండర్ బాబాయ్ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయన ముఖంలో ఏమీ కదల్లేదు, కానీ చూపు మాత్రం కిటికీ వైపు తిరిగింది.

"మేడమ్, కాదంటే దిగుతుందా?" అంది సందేహాల పిల్ల. సమాధానం కోసం ఆగకుండా బొమ్మ వైపు వంగి, "కాదు" అంది. ముల్లు కదల్లేదు. వెనక బెంచీల్లో ఇద్దరు ముగ్గురు అరిచి చూశారు. ఊహూఁ.

లెక్కల టీచరు గొంతు సవరించుకుంది. "నేను చదివిన ఆఖరి వాక్యం తప్పు."

ఏడు వందల గ్రాములు దిగింది.

"అన్నవాళ్లే వెనక్కి తీసుకోవాలన్నమాట" అని సందేహాల పిల్ల నోట్సులో రాసుకుని కింద గీత గీసింది.

అప్పుడు తగిలింది ఆమెకి. ఆ తొమ్మిది కిలోల తొమ్మిది వందల గ్రాములూ తన నోటినుంచి వచ్చినవే. రోజుకి ఆరుసార్లు, గైడులో ఉన్నది ఉన్నట్టు, స్పష్టంగా, చక్కటి ఉచ్చారణతో చదివి, అరవై ఏళ్ల మనిషి నడుముకి వేలాడదీసింది. అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మంట ముందు ఆమె మీదకే పోయింది, తర్వాత గైడు రాసినవాళ్ల మీదకి. గంట కొట్టేలోపు తను చదివిన ప్రతి అబద్ధాన్నీ పేరుపేరునా వెనక్కి తీసుకుంది. మిగతా ఐదు సెక్షన్లలోనూ అదే పని. ఆఖరి పీరియడ్‌కి బొమ్మ మళ్లీ రెండు కిలోల మూడు వందలకి వచ్చింది.

కానీ ఆ ఏడు వందల గ్రాముల వాక్యం ఆమెని వదల్లేదు. ఆ రోజు మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్‌లో అన్నం తింటూ గోడ మీద చార్టు చూసింది. మొదటి సంవత్సరం, వంతెనలు. రెండు, ఆసుపత్రులు. మూడు, టీకాలు. నాలుగు, కరెంటు. ఆరు, బడులు. ఆమె ముద్ద మధ్యలో ఆపింది.

"పన్నెండేళ్లన్నారు. గళ్లు పదకొండే ఉన్నాయి. ఐదో సంవత్సరం ఏదండీ?"

"అచ్చుతప్పయి ఉంటుంది" అన్నాడు హెడ్‌మాస్టర్, పెరుగు కలుపుకుంటూ.

"గళ్లన్నీ సమానంగా గీశారు. అచ్చుతప్పయితే మధ్యలో ఖాళీ ఉండాలి కదా. ఇది తీసేసి సర్దారు."

"అమ్మా, మీకు ఏడు నెలలుంది. తీసేసిన గడి సంగతి మీకెందుకు? కందకు లేని దురద కత్తిపీటకెందుకు చెప్పండి."

నీళ్ల జగ్గు టేబుల్ మీద పెడుతున్న బాబాయ్ అన్నాడు, ఎప్పటి సన్నటి గొంతుతోనే, "కందకి దురద లేదని ఎవరన్నారు సార్?"

హెడ్‌మాస్టర్ తన గిన్నె తీసుకుని కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

బాబాయ్ చెప్పింది చాలా తక్కువ. ఆ ఐదో ఏడాది టీచర్లందరికీ ఒక కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. పైనుంచి వచ్చిన పాఠం వచ్చినట్టు చదువుతాం, పిల్లలు అడిగినదానికి పాఠంలో లేని జవాబు చెప్పం అని. పెట్టనివాళ్లు నాలుగు వేల నూట పన్నెండు మంది. ఒక్క వారంలో అందర్నీ తీసేశారు. అప్పటికి ఆయన ఈ బడిలోనే తొమ్మిదేళ్లుగా జాగ్రఫీ చెప్తున్నాడు. మూడేళ్లు ఖాళీగా తిరిగాక అప్పటి హెడ్‌మాస్టర్ జాలిపడి అటెండరుగా పెట్టుకున్నాడు.

"పాఠం చెప్పిన గదులే ఊడుస్తున్నానమ్మా. మొదట్లో చీపురు పట్టుకుంటే పిల్లలు లేచి నిలబడేవాళ్లు, పాపం. తర్వాత ఆ బ్యాచ్‌లు వెళ్లిపోయాయి."

"మరి మీరు అడగలేదా?"

"ఏడాదికొక అర్జీ. ఇరవై ఎనిమిది పెట్టాను. టీచరుగా రిటైరవనివ్వండి, ఇంకేం వద్దు అని. ఇరవై ఎనిమిదిసార్లూ ఒకటే జవాబు. 'ఉపాధ్యాయులను తొలగించినట్లు మా రికార్డులలో ఎక్కడా లేదు.' లేని తొలగింపుకి పునర్నియామకం ఎలా ఇస్తారు? వాళ్లది వాళ్లకి న్యాయమే. ఒక్క కాగితం చూపించమంటారు. ఆ కాగితాలన్నీ వాళ్ల దగ్గరే ఉండేవి."

"ఈ నాలుగు రోజులూ నేను చదువుతుంటే గుమ్మంలో నిలబడి విన్నారు."

"బొమ్మ మోయాలి కదమ్మా."

ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. ముప్పై ఒక్క ఏళ్ల కోపాన్ని ఆ మనిషి ఎక్కడ దాచుకున్నాడో తెలియదు. లెక్కల టీచరు దగ్గర మాత్రం దాచుకోవడానికి చోటు లేదు. ఆ రోజు నుంచి గైడులో కాటా కదపని వాక్యాలే చదివింది. పన్నెండు పేజీల పాఠంలో అవి పేజీన్నర వచ్చేవి. ఆసుపత్రుల గురించి చదివేటప్పుడు గొంతు తగ్గించలేదు. కట్టించిన మాట నిజమే కాబట్టి. మిగతా టైములో చార్టు మీద నాలుగుకీ ఆరుకీ మధ్య ఒక కాగితం ముక్క అతికించి, ఐదో గడి గీసి, అందులో 4,112 అని రాసింది.

రెండో రోజుకే ఆఫీసు గదికి పిలుపు వచ్చింది.

"మెమో ఇవ్వాల్సి వస్తుందమ్మా."

"ఇవ్వండి సార్. మీకు తెలుసు ఆయన టీచరని. మీరు చేరినప్పటినుంచీ తెలుసు."

"తెలిసి ఏం చేయను? నాకూ పిల్లలున్నారు."

"ఆయన పిల్లలు కారా వీళ్లంతా?"

హెడ్‌మాస్టర్ మెమో రాశాడు. తన మాటా ఆమె మాటా కూడా పొల్లు పోకుండా రాశాడు. అది ఆయన జబ్బు.

పన్నెండో రోజు ముగింపు సభ. ముఖ్య అతిథిగా డిపార్ట్‌మెంట్ అధికారి వచ్చాడు. ఆ రోజు ఆయనకి ఇది రెండో బడి, తర్వాత ఇంకో నాలుగు. కారు దిగుతూనే గడియారం చూసుకున్నాడు. రెండు వందల యాభై మంది పిల్లలు హాల్లో సర్దుకుని కూర్చున్నారు. బొమ్మని ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చింది.

"టేబుల్ ఆగదు సార్" అంది లెక్కల టీచరు. "పాత పేపర్లు తూచే పెద్ద కాటా స్టోర్‌రూమ్‌లో ఉంది. ఇనుముది. దాని మీద పెడదాం."

"మంచి ఆలోచన" అన్నాడు అధికారి. "మా ఆఫీసులో ఉన్నదానికి గదిలో ఇనుప దూలాలు వేయించాం."

కాటా గుండ్రటి ముఖం పిల్లల వైపు ఉంది. హెడ్‌మాస్టర్ స్వాగతం చెప్పేసరికి నాలుగు కిలోలైంది. అధికారి మైకు అందుకున్నాడు. దూరదృష్టి, త్యాగం, నిరాడంబరత అంటూ ఉపన్యాసం సాగింది. ముందు వరస పిల్లలు గుసగుసగా ముల్లు చదువుతున్నారు, వెనక వరసలకి అందిస్తున్నారు. ఆరు. ఏడున్నర. తొమ్మిది. గైడులో లేని వాక్యం ఒకటి ఆయన సొంతంగా కలిపాడు. లెక్కల టీచరు సంగతి ఎవరైనా చెవిన వేశారో, మెమో నకలు ముందే చేతికందిందో.

"కొందరు ఏవేవో పుకార్లు పుట్టిస్తున్నారు. ఆ మహానుభావుడి కాలంలో ఒక్కరంటే ఒక్క ఉపాధ్యాయుణ్ణి కూడా ఉద్యోగం నుంచి తీయలేదు. ఇది చరిత్ర."

ఇనుము మూలిగింది. ముల్లు గిర్రున తిరిగి ఆగింది.

"నలభై ఒకటి" అంది సందేహాల పిల్ల. గుసగుసగా కాదు.

సభ చివర ముఖ్య అతిథి బొమ్మని రెండు చేతులా ఎత్తి హెడ్‌మాస్టర్‌కి అందించాలి. ఆ ఫోటో డిపార్ట్‌మెంట్‌కి వెళ్లాలి. తర్వాత మినిట్స్ మీద సంతకం. ఫోటోగ్రాఫర్ సిద్ధంగా నిలబడ్డాడు. అధికారి వంగి బొమ్మ భుజాల కింద చేతులు పెట్టి లేపబోయాడు. ఆయన ముఖం ఎర్రబడింది, బొమ్మ ముఖం తెల్లగానే ఉంది. రెండోసారి ప్రయత్నిస్తే చొక్కా గుండీ ఒకటి తెగింది. పిల్లలు నవ్వలేదు. నవ్వి ఉంటే ఆయనకి తేలికగా ఉండేది.

"ఏయ్, నువ్వు రా. పట్టుకో" అన్నాడు, పక్కన నిలబడ్డ అటెండరుతో.

బాబాయ్ అలవాటు కొద్దీ ఒక అడుగు ముందుకేశాడు. లెక్కల టీచరు ఆయనకి అడ్డంగా వచ్చి నిలబడింది.

"ఆయన పట్టుకోరు సార్. ఇన్నాళ్లు మోసింది చాలు. ఆ బరువు పెట్టింది మీరు. మీరే ఎత్తండి."

"ఎవరీవిడ?"

"లెక్కల టీచరు సార్. ప్రొబేషన్‌లో ఉంది" అన్నాడు హెడ్‌మాస్టర్, రాసుకోవడం ఆపకుండా.

"ఆపు చేయండి ఈ గొడవ. పదకొండుకి ఇంకో బడిలో ఉండాలి నేను."

బాబాయ్ ఆమె పక్కనుంచి ముందుకొచ్చాడు. బొమ్మని ముట్టుకోలేదు.

"సార్, అన్నీ దించక్కర్లేదు. ఒక్క వాక్యం దించండి, లేస్తుంది. మిగతావి అలాగే ఉంచుకోండి."

"ఏ వాక్యం?"

"తమకి తెలుసు."

అధికారి ఆయన ముఖంలోకి చూశాడు. తర్వాత గడియారం చూశాడు. తర్వాత కాటా. ఫోటో లేకుండా కారెక్కితే పైవాళ్లు అడుగుతారు. పగిలితే ఇంకా అడుగుతారు. ఆయన మైకుకి కాస్త పక్కకి తిరిగి, పళ్ల మధ్యనుంచి, విసుగ్గా, మందు మింగినట్టు అనేశాడు.

"సరే, తీసేశారు. నాలుగు వేల నూట పన్నెండు మందిని. అయిందా?"

మైకు అంత మాటనీ పట్టుకుంది. ముల్లు నలభై ఒకటి నుంచి తొమ్మిదికి జారింది. ముప్పై రెండు కిలోలు.

హాల్లో ఆ అంకె అంతవరకూ ఎవరూ అనలేదు. ఆయనకి ఎవరూ అందివ్వలేదు. చార్టు మీద చూశాడనుకుందామంటే, దాన్ని పొద్దున్నే హెడ్‌మాస్టర్ చుట్టి బీరువాలో దాచాడు. మెమోలో మాటలే ఉన్నాయి, అంకె లేదు. ఆ అంకె ఆయనకి మొదటినుంచీ తెలుసు. ఒక్కొక్క అర్జీ వచ్చినప్పుడల్లా తెలుసు. తెలిసే ఇరవై ఎనిమిది జవాబులు పంపారు. అది గ్రహించిన క్షణంలో లెక్కల టీచరుకి ఒళ్లంతా సెగ పుట్టింది. ఏమీ తెలియని మూర్ఖుడైతే క్షమించి ఉండేది.

అధికారి బొమ్మ ఎత్తాడు, ఫోటోకి నవ్వాడు, చేతులు దులుపుకున్నాడు. హెడ్‌మాస్టర్ మినిట్స్ పుస్తకం ముందు పెట్టాడు. అందులో ఎప్పటిలాగే పొల్లు పోకుండా అంతా ఉంది. 'సరే, తీసేశారు. నాలుగు వేల నూట పన్నెండు మందిని. అయిందా' అని ముఖ్య అతిథి పలికిరి. అధికారి చదవలేదు. ఎప్పుడూ ఎవరూ చదవరు. కింద సంతకం పెట్టి, తేదీ వేసి, స్టాంపు గుద్దించి కారెక్కాడు.

ఆ సాయంత్రం హెడ్‌మాస్టర్ ఆ పేజీని ఐదుసార్లు చదువుకున్నాడు. చింపుదామంటే పేజీలకి నంబర్లున్నాయి. కొట్టేద్దామంటే అధికారి సంతకం ఉంది. లెక్కల టీచరు ఎదురుగా కుర్చీలో కూర్చుని, నకలు ఇచ్చేదాకా లేవనంది. చీకటి పడుతుండగా ఆయన నకలు రాసి, 'అసలుతో సరిపోల్చబడినది' అని ముద్ర వేశాడు.

"ఇంతకాలం అన్నీ రాశాను. ఎవరికైనా పనికొస్తుందని ఒక్కనాడు అనుకోలేదు" అన్నాడు. ఆమె జాలిపడలేదు. ఆ జాలికి ఇంకా టైముంది.

ఇరవై తొమ్మిదో అర్జీ ఆమే రాసింది, నాలుగే లైన్లు, వెనక ఆ నకలు. డిపార్ట్‌మెంట్ రికార్డుల్లో లేదనడానికి ఇప్పుడు వీల్లేదు, డిపార్ట్‌మెంట్ సంతకమే ఉంది కాబట్టి. అయినా జవాబు రావడానికి ఆరు వారాలు పట్టింది. ఉత్తర్వులో రెండే పేరాలు. ఒకటి, అటెండరుగా పనిచేయుచున్న సదరు వ్యక్తిని జాగ్రఫీ ఉపాధ్యాయునిగా తిరిగి నియమించడమైనది. రెండు, లెక్కల టీచరు ప్రొబేషన్ మరొక ఏడాది పొడిగించడమైనది. క్షమాపణ అన్న మాట ఆమె వెనక పేజీలో కూడా వెతికింది.

ఆయన రిటైర్‌మెంట్‌కి అప్పటికి మిగిలింది నాలుగు పనిదినాలు. రోజుకి ఆరు పీరియడ్లు, మొత్తం ఇరవై నాలుగు. ముప్పై ఒక్క ఏళ్లకి ఇరవై నాలుగు పీరియడ్లు. ఆమె ఆ భాగహారం చేసి పెన్ను బల్లకేసి కొట్టింది. ఇక ఆ మిగతా నాలుగు వేల నూట పదకొండు మంది. ఒకటితో, తనతో తప్ప దేనితో భాగించినా శేషం మిగిలే అంకె అది. వాళ్లలో ఎంతమంది బతికున్నారో, ఏ గుమ్మాల్లో నిలబడి ఏ పాఠాలు వింటున్నారో ఎవరి దగ్గరా లెక్క లేదు.

"అంత కోపం వద్దమ్మా, ఒంటికి మంచిది కాదు" అన్నాడు ఆయన.

"మీ వంతు కూడా నేనే పడుతున్నాను సార్. అందుకే ఎక్కువగా ఉంది."

సార్ అన్న మాటకి ఆయన వెనక్కి తిరిగి చూశాడు, ఎవరైనా వచ్చారేమోనని.

మొదటి పీరియడ్ ఎనిమిదో తరగతి. ఆమె కూడా గుమ్మం దాకా నడిచింది. ఆయన లోపలికి వెళ్లగానే నలభై మూడు మంది పిల్లలూ లేచి నిలబడ్డారు. ఆయన టేబుల్ పక్కన నిలబడ్డాడు. పిల్లలు నిలబడే ఉన్నారు. ఆయనా నిలబడే ఉన్నాడు. కూర్చోమని తనే చెప్పాలన్న సంగతి గుర్తు రావడానికి కాస్త సేపు పట్టింది.

"కూర్చోండి" అన్నాడు. ఆ సన్నటి గొంతు ఆఖరి బెంచీ దాకా వెళ్లింది. "జాగ్రఫీ ఎక్కడిదాకా అయింది?"

పిల్లలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. మూడో బెంచీలో ఒకడు లేచాడు.

"అసలు మొదలే కాలేదు సార్."